పన్నెండు మెట్ల మీద పాలమూరు చరిత్ర

కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ దక్కింది. ఆయన చేతిలోని వాద్యానికి, అది మోసుకొచ్చిన వీరగాథలకు రావలసిన ఆశ్రయం ఇంకా రాలేదు

2021 డిసెంబరు 30న కేంద్ర సాహిత్య అకాడమీ ఆ ఏటి తెలుగు పురస్కారాన్ని గోరటి వెంకన్న రచించిన ‘వల్లంకి తాళం’ కవితాసంపుటికి ప్రకటించింది. నెల తిరగకముందే, 2022 జనవరి 25న వెలువడిన పద్మశ్రీ గ్రహీతల జాబితాలో కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగులయ్య పేరు కనిపించింది. ఇద్దరూ పాత మహబూబ్‌నగర్ జిల్లాకు, అంటే జనం నోట పాలమూరుగా నిలిచిన నేలకు, 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో అందులోంచి ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందినవారే. ఒకే జిల్లా మట్టిలో పెరిగిన రెండు పాటలకు నెల రోజుల వ్యవధిలో రెండు జాతీయ గౌరవాలు లభించడం ఆ ప్రాంతపు గానసంపదకు నిదర్శనమే అయినా, ఆ రెండు పాటల స్థితిగతులు మాత్రం ఒక్కటి కావు. వెంకన్న పాటకు పుస్తకం ఉంది, పాఠకులు ఉన్నారు, విమర్శ ఉంది, సభలు ఉన్నాయి. మొగులయ్య పాటకు ఉన్నవి ఒక వాద్యం, ఒక గొంతు, తాతతండ్రుల నుంచి అందిన ఒక జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఎలా నిలిచింది, ఎందుకు సన్నగిల్లింది, దానిని రాబోయే తరాలకు అందించే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలను విడదీసి చూస్తే తప్ప ఆయన జీవితం పూర్తిగా అర్థం కాదు.

సొరబుర్ర, వెదురు, తేనెమైనం

కిన్నెర తంత్రీవాద్యం, అంటే తీగను మీటితే నాదం పలికే వాద్యం. వెదురు బొంగు దీనికి దండి. ఎండబెట్టి గుల్ల చేసిన సొరకాయ బుర్రలను ఆ దండి కిందిభాగాన బిగిస్తే అవి తీగ నాదాన్ని పెంచి వినిపిస్తాయి. దండి మీద వరుసగా అమర్చిన అడ్డుపట్టీలను మెట్లు అంటారు. తీగను ఏ మెట్టు దగ్గర అదిమితే ఏ స్వరం పలకాలో ఆ అమరికే నిర్ణయిస్తుంది కనుక, మెట్ల సంఖ్య పెరిగేకొద్దీ వాద్యకారుడి చేతికి అందే స్వరాలు పెరుగుతాయి, వాటితోపాటు సాధనలోని కష్టమూ పెరుగుతుంది. నల్లమల అడవుల్లోని చెంచు ఆదివాసుల చేతుల్లో కనిపించే చిన్న కిన్నెరలకూ మొగులయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఈ వాద్యానికి కావలసిన సరుకంతా ఒకప్పుడు పొలం నుంచి, అడవి నుంచి వచ్చేది. సొరకాయ చేనుగట్టు మీద కాసేది, వెదురు నల్లమలలో దొరికేది, అతుకులకు తేనెమైనం వాడేవారు, తీగలుగా వెంట్రుకలనో జంతువుల నరాలనో పేనేవారు, మెట్లకు అలుగు అనే జంతువు పొలుసులను అమర్చేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలుగుకు గట్టి రక్షణ కల్పించినందువల్ల ఆ పొలుసుల వాడకానికి ఇప్పుడు చోటు లేదు. వెంట్రుకల స్థానంలోకి లోహపు తీగలు వచ్చాయి. బుర్రలకు, దండికి నెమలి ఈకలు, పూసలు అలంకరించడం మాత్రం మిగిలింది. వాద్యాన్ని వాయించేవాడే దానిని తయారు చేసుకోవడం ఈ సంప్రదాయపు పద్ధతి కనుక, ఒక వాద్యకారుడు కనుమరుగైతే అతనితోపాటు వాద్యాన్ని తయారు చేసే విద్య కూడా పోతుంది.

కిన్నెర కేవలం పల్లెపట్టు వాద్యమని, శాస్త్రానికి దూరమైనదని భావించడం పొరపాటు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రచించిన ‘సంగీత రత్నాకరం’ కిన్నరి వీణను వివరించి, అందులో లఘ్వి, బృహతి అనే చిన్న పెద్ద భేదాలను పేర్కొంది. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది, ఆయన పేరులోని కిన్నర ఆయన చేతి వాద్యమే. శాస్త్రగ్రంథంలోనూ భక్తికావ్యంలోనూ చోటు సంపాదించుకున్న వాద్యకుటుంబం ఒకటి, ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత, సమాజం అట్టడుగున నిలబెట్టిన కులాల చేతుల్లో బతికి ఉండటం తెలుగు సంగీతచరిత్ర ప్రత్యేకంగా గుర్తించవలసిన విషయం.

మిరాశి ఊళ్లు

మొగులయ్య డక్కలి కులానికి చెందినవారు. తెలంగాణలో ఒక్కొక్క కులానికి ఆ కుల పుట్టుపూర్వోత్తరాలను కథగా గానం చేసే కళాకారుల కులాలు ఉండేవి. ఒక దాతృకులాన్ని నమ్ముకుని బతికే ఇటువంటి కులాలను ఆశ్రిత కులాలు అంటారు. మాదిగలకు ఉన్న ఆశ్రిత కులాల్లో చిందు, డక్కలి, మాస్టిన్ వంటివి ముఖ్యమైనవి. వాటిలో చిందువారు యక్షగానం ఆడగా, డక్కలివారు మాదిగల మూలపురుషుడైన జాంబవంతుడి కథను, అంటే జాంబపురాణాన్ని చెప్పేవారు. ఏ కుటుంబం ఏయే ఊళ్లకు వెళ్లి కథ చెప్పి ప్రతిఫలం స్వీకరించాలన్నది వంశపారంపర్యపు హక్కుగా నిర్ణయమై ఉండేది. ఆ హక్కునే మిరాశి అంటారు. పంట ఇంటికి చేరిన తర్వాత కళాకారుడు తన మిరాశి ఊరికి వచ్చేవాడు, వాడలో కథ చెప్పేవాడు, ధాన్యమో డబ్బో బట్టలో తీసుకుని తర్వాతి ఊరికి కదిలేవాడు.

ఈ ఏర్పాటులోని కాఠిన్యాన్ని దాచవలసిన అవసరం లేదు. దళితుల్లోనూ అట్టడుగున ఉంచబడిన డక్కలివారు ఊరి అంచున కూడా నిలువనీడ లేకుండా సంచారం చేశారు, చదువుకు దూరమయ్యారు, తమకు అన్నం పెట్టే వాడలోనే అంటరానితనాన్ని అనుభవించారు. అయినా ఆ ఏర్పాటు కళకు ఒక శ్రోతను, ఒక రుతువును, ఒక నిలకడైన గ్రాసాన్ని ఇచ్చింది. కొడుకు తండ్రి వెంట ఊరూరా తిరుగుతూ, పాటను వినీ వినీ, వాద్యాన్ని పట్టీ పట్టీ నేర్చుకునే సంచారపాఠశాలగా పనిచేసింది. మొగులయ్య విద్య అలా తండ్రి దగ్గర, తిరిగిన దారుల్లో అబ్బినదే. అక్షరంతో పని లేకుండా, గంటల తరబడి సాగే గాథలను వరుస తప్పకుండా గుర్తుంచుకునే శక్తి అటువంటి అభ్యాసం వల్ల మాత్రమే వస్తుంది.

వ్యవసాయం దెబ్బతిని, దాతలే కూలీలై వలసబాట పట్టిన తర్వాత మిరాశి తనంతట తానుగా కూలిపోయింది. వానలు తక్కువ, ఎర్రనేలలు, రాతిగుట్టలు ఎక్కువ అయిన పాలమూరు, నల్గొండ మెట్టప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పని వెతుక్కుంటూ వెళ్లాయి. దేశంలోని ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనుల్లో పాలమూరు లేబరు చెమట ఉంది. వినవలసినవాడే ఊళ్లో లేనప్పుడు కథ చెప్పేవాడు ఎవరి వాకిట నిలబడాలి? టీవీ, సినిమా వచ్చి జానపద కళలను చంపాయన్న మాటలో కొంత నిజం ఉన్నా, ఈ ప్రాంతంలో కిన్నెరను మొదట దెబ్బతీసింది కరువు, దాని వెనకే వచ్చిన వలస.

రాతలో లేని చరిత్ర

జాంబపురాణం కుల చరిత్ర కాగా, కిన్నెర మీద పలికే వీరగాథలు ప్రాంత చరిత్ర. మొగులయ్య గానం చేసే గాథల్లో పండుగ సాయన్న కథ ప్రసిద్ధమైనది. నిజాం పాలన కాలంలో, 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో, పాలమూరు పల్లెల్లో ధనవంతులను దోచి పేదలకు పంచిన వీరుడిగా ప్రజలు సాయన్నను తలుస్తారు. పటేళ్లు, దేశ్‌ముఖులు అంటే గ్రామాల మీద శిస్తు వసూలు అధికారం, దానితోపాటు వచ్చే పెత్తనం ఉన్నవారు. వారి గాదెల్లోని ధాన్యాన్ని ఆకలితో ఉన్నవారికి చేర్చినందుకు సాయన్న వారికి శత్రువయ్యాడని, చివరికి వారి పన్నాగానికి బలయ్యాడని గాథ చెబుతుంది. మియాసాబ్ గాథ కూడా ఇదే కోవకు చెందినది. ఒక ముస్లిం వీరుడి కథను డక్కలి కళాకారుడు గానం చేయగా అన్ని కులాల జనం వినడం ఈ నేల సామాజిక జీవితంలోని ఒక గొప్ప లక్షణాన్ని తెలుపుతుంది.

ఇటువంటి వీరులను బ్రిటిష్ చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ సామాజిక బందిపోట్లు అన్నాడు. రాజ్యం నేరస్థుడిగా ముద్ర వేసినా, ప్రజలు తమ తరఫున నిలిచినవాడిగా కాపాడుకుని పాటల్లో నిలుపుకున్న వ్యక్తి అని ఆ మాటకు అర్థం. మెక్సికో దేశంలో కొరీదో అనే కథాగేయాలు ఇదే పని చేశాయి. 1901లో మెక్సికో సరిహద్దున ఉన్న టెక్సాస్‌లో ఒక అధికారిని కాల్చి, వందలమంది వెంటాడుతుండగా పారిపోయిన గ్రెగోరియో కోర్తెస్ మీద పుట్టిన కొరీదోను పరిశోధకుడు అమెరికో పరేదెస్ 1958లో ఒక గ్రంథంగా అధ్యయనం చేసిన తర్వాత, అటువంటి పాటలను చరిత్రకు ఆధారాలుగా చదవడం విశ్వవిద్యాలయాలకు అలవాటయింది. సాయన్న గాథకు ఆ స్థాయి అధ్యయనం తెలుగులో ఇంకా జరగవలసి ఉంది.

తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోల్కొండ కవుల సంచిక’ను ప్రకటించిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. రాజుల వంశావళిని పక్కనపెట్టి ప్రజల తిండి, బట్ట, ఆట, పాటలను చరిత్రగా రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కూడా ఆయనదే. 1955లో ఆ గ్రంథానికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పొరుగున ఉన్న నల్గొండలో సుద్దాల హనుమంతు వంటివారు గొల్లసుద్దులు మొదలైన జానపద రూపాలను తెలంగాణ సాయుధ పోరాటానికి ఆయుధాలుగా మలిచారు, ఆ పాటలు పోరాట చరిత్రతోపాటు నిలిచాయి. కిన్నెర పట్టుకుని తిరిగిన మౌఖిక గాయకులకు మాత్రం, అంటే నోటిమాటగానే సాహిత్యాన్ని నిలిపినవారికి, అటువంటి సంచిక రాలేదు, అటువంటి ఉద్యమమూ అండగా నిలవలేదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి ఆదిమ, జానపద వాద్యాలను సేకరించి ప్రదర్శించిన కృషి వల్లనే కిన్నెర పేరు పండితలోకానికి మళ్లీ వినిపించింది.

కాలిబాట నుంచి సినిమా పాట దాకా

నల్లమల అంచున ఉన్న అవుసలికుంట గ్రామం మొగులయ్య నివాసంగా ప్రసిద్ధమైంది. ఊళ్లలో, సంతల్లో, జాతరల్లో కిన్నెర వాయించి, అది గిట్టుబాటు కానప్పుడు కూలిపనికి వెళ్లి కుటుంబాన్ని నెట్టుకొచ్చిన ఆయనను తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రభుత్వం గుర్తించి సత్కరించింది. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఆయన కళ గురించిన పాఠం చేరింది. తాను పుట్టిన కులానికి బడి గడప దూరంగా ఉండిన దేశంలో, ఒక డక్కలి కళాకారుడు పాఠంగా బడిలోకి ప్రవేశించడం చిన్న విషయం కాదు.

లక్షలాది శ్రోతలకు ఆయన గొంతు తెలిసింది మాత్రం 2021 సెప్టెంబరు 2న. పవన్ కల్యాణ్ కథానాయకుడిగా నిర్మాణంలో ఉన్న ‘భీమ్లా నాయక్’ చిత్రపు శీర్షికాగీతం ఆ రోజు విడుదలైంది, ఎస్. తమన్ సంగీతం సమకూర్చగా రామజోగయ్య శాస్త్రి రచించిన ఆ పాటకు మొగులయ్య గానం, కిన్నెర నాదం నాందిగా నిలిచాయి. నాయకుడి పుట్టుకను, వంశాన్ని, అడవితో అతని బంధాన్ని వీరగాథ ఎత్తుగడలో పరిచయం చేసే ఆ భాగానికి సినిమా గాయకుడి శిక్షిత కంఠం సరిపడేది కాదు. సాయన్నను, మియాసాబ్‌ను దశాబ్దాలుగా సభకు పరిచయం చేస్తూ వచ్చిన గొంతు కనుకనే ఆ కల్పిత వీరుడికి నిజమైన గాథానాయకుడి గాంభీర్యం వచ్చింది. సినిమా 2022 ఫిబ్రవరి 25న తెర మీదికి రాగా, అప్పటికే ఆ పాట ఊరూరా మోగింది.

ఆ తర్వాత గౌరవాలు వరుసగా వచ్చాయి. ఆర్టీసీ బస్సు మీద పాట పాడిన ఆయనకు ఆ సంస్థ జీవితకాలపు ఉచిత ప్రయాణపు పాసు ఇచ్చింది. పద్మశ్రీ ప్రకటన వెలువడిన మూడు రోజులకే, జనవరి 28న, నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు ఆయనను సత్కరించి హైదరాబాద్‌లో ఇంటిస్థలం, ఇంటి నిర్మాణానికీ ఖర్చులకూ కోటి రూపాయలు ప్రకటించారు. 2022 మార్చిలో రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆయన పురస్కారం అందుకున్నారు. ఆ ఏడాదే కోయల కంచుతాళం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు, 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు కూడా పద్మశ్రీ లభించడంతో, తెలంగాణ మౌఖిక కళలకు ఒక వెలుగుకాలం వచ్చిందన్న ఆశ కలిగింది.

పురస్కారం తర్వాత

2024 మే నెలలో హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో ఒక నిర్మాణస్థలంలో మొగులయ్య కూలిపని చేస్తున్న దృశ్యాలు దేశమంతటా వ్యాపించాయి. కుటుంబ వైద్య ఖర్చులు, పిల్లల పెళ్లిళ్లు చేతికందిన సొమ్మును తినేశాయని, నెలనెలా వచ్చే గౌరవవేతనం ఆగిపోయిందని, వయసు చూసి పని ఇవ్వడానికి కూడా జంకుతున్నారని ఆయన పత్రికలతో చెప్పారు. ఆ వార్త రేపిన అలజడి తర్వాత అధికారులు కదిలారు, సాయం చేస్తామని పలువురు ముందుకొచ్చారు.

ఈ సంఘటనను ఒక వ్యక్తి దురదృష్టంగానో, ఒక ప్రభుత్వపు నిర్లక్ష్యంగానో మాత్రమే చదివితే అసలు విషయం చేజారుతుంది. పద్మశ్రీ పతకంతో నెలవారీ వేతనం రాదు; అది గౌరవచిహ్నమే తప్ప జీవనాధారం కాదు. సినిమా పాటకు పారితోషికం ఒక్కసారి అందుతుంది, సత్కారసభలో శాలువా ఒక్కసారి కప్పుతారు. మిరాశి కూలిన చోట ఏటేటా, రుతువు రుతువుకూ కళాకారుణ్ణి పిలిచి, విని, ప్రతిఫలం ఇచ్చే మరో ఏర్పాటు పుట్టనందువల్లనే, రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లివచ్చిన కళాకారుడు తిరిగి పాలమూరు లేబరుగా నిలబడవలసి వచ్చింది. ఆయనకు ఎన్ని లక్షలు ఇచ్చారన్న లెక్కతో చర్చ ముగిసినంతకాలం ఈ కథ మరో కళాకారుడి జీవితంలో పునరావృతమవుతూనే ఉంటుంది.

కొలంబియా చెప్పే పాఠం

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు కరీబియన్ తీరంలో వాయెనాతో అనే గానసంప్రదాయం ఉంది. పశువులను తోలుకుంటూ, పొలంపనులకు తిరుగుతూ ఊరి కబుర్లను మరో ఊరికి పాటగా మోసిన సంచార గాయకుల నుంచి అది పుట్టింది. అకార్డియన్, చిన్న డోలు, గీరితే పలికే గ్వాచరాకా దాని మూడు వాద్యాలు. గాబ్రియేల్ గార్సియా మార్కెస్ నవల ‘నూరేళ్ల ఏకాంతం’లో వార్తలను పాడుతూ తిరిగే వృద్ధ గాయకుడు ఈ సంప్రదాయపు ప్రతినిధే. కింది వర్గాల పాటగా చిన్నచూపు చూడబడిన ఆ గానాన్ని కార్లోస్ వివెస్ అనే గాయకుడు 1993లో ‘క్లాసికోస్ దె లా ప్రొవిన్సియా’ అనే గీతసంపుటితో ఆధునిక వాద్యాలకు జోడించి, లాటిన్ సంగీతప్రపంచమంతటా ప్రసిద్ధం చేశాడు.

అంతటి ప్రజాదరణ తర్వాత కూడా, 2015లో యునెస్కో సాంప్రదాయిక వాయెనాతోను తక్షణ సంరక్షణ అవసరమైన కళల జాబితాలో చేర్చింది. విపణిలో మారుమోగిన రూపం ఒకటి, ఊళ్లో పుట్టి పెరిగిన రూపం మరొకటి కావడంతో, మొదటిదాని వెలుగు రెండోదానికి చేరలేదు. అయితే ఆ దేశానికి ఒక అండ ఉంది: వాయెదుపార్ పట్టణంలో 1968 నుంచి జరుగుతున్న వార్షికోత్సవంలో పెద్దలతోపాటు బాలురకు, యువకులకు కూడా పోటీలు ఉంటాయి, ఆ పోటీల కోసం పిల్లలు అకార్డియన్ నేర్చుకుంటారు, నేర్పే బడులు నడుస్తాయి. ప్రసిద్ధ గాయకుడు కళకు పేరు తెస్తాడు, కళకు ఆయుష్షు మాత్రం నేర్చుకునే పిల్లల వల్లనే వస్తుంది. ఒక్క సినిమా పాట కిన్నెరను కాపాడుతుందని నమ్మేవారు కొలంబియా అనుభవాన్ని గమనించాలి.

చేయవలసిన పనులు

కిన్నెరను నిలపడానికి కావలసిన సాధనాలు ఇక్కడే ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. మొగులయ్యకు తెలిసిన ప్రతి గాథనూ, సభలో గంటల తరబడి సాగే పూర్తిరూపంలో, చిత్రీకరించి, అక్షరబద్ధం చేసి, అర్థవివరణలతో ప్రచురించడం ఆ సంస్థ చేపట్టదగిన తొలి పని. రెండు నిమిషాల ముక్కలు ఫోన్లలో ఎన్ని తిరిగినా వీరగాథ వాటిలో పట్టదు. కథ ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వాద్యం మాటను అందుకుంటుందో, శ్రోతల ఊకొట్టుడుకు గాయకుడు ఎలా స్పందిస్తాడో మొత్తం నమోదైతేనే రేపటి విద్యార్థి దానిని తిరిగి నిర్మించగలుగుతాడు.

రెండో పని మొగులయ్యను గురువుగా నియమించడం. గురువుకూ శిష్యులకూ నెలవారీ భృతి ఇచ్చే గురుశిష్య పరంపర పథకాన్ని కేంద్ర సాంస్కృతిక శాఖ ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాల ద్వారా నడుపుతోంది. రాష్ట్రం కూడా ఇటువంటి ఏర్పాటు చేసి, డక్కలి, చెంచు కుటుంబాల పిల్లలకు మొదటి అవకాశం కల్పించి, వాయించడంతోపాటు కిన్నెరను తయారు చేయడం కూడా నేర్పించాలి. అప్పుడు వృద్ధ కళాకారుడికి అందే సొమ్ము దయాధర్మంగా కాక, బోధించినందుకు హక్కుగా వచ్చే జీతంగా ఉంటుంది. ఆ పిల్లలు కుల నిర్బంధం వల్ల గాక ఇష్టంతో, బడి చదువు మానకుండా ఈ విద్య నేర్వాలి. మిరాశిలోని ఆశ్రయాన్ని తిరిగి తేవాలి గాని, అందులోని అవమానాన్ని తేకూడదు.

మూడో పని ప్రజలది. నల్లమలలో సలేశ్వరం జాతరకు, చిన్నచింతకుంట దగ్గర కురుమూర్తి జాతరకు ఏటా వేలాదిగా జనం తరలివస్తారు. ఆ జాతరల్లో ఒక రాత్రిని కిన్నెరకు కేటాయించి, పిల్లలకు పోటీలు పెట్టి, గెలిచినవారికి వాద్యాన్నే బహుమతిగా ఇస్తే వాయెదుపార్‌లో జరిగినది పాలమూరులోనూ జరుగుతుంది. ఊరి బడి వార్షికోత్సవానికి, గ్రంథాలయ సభకు, ఇంటి శుభకార్యానికి డీజే పెట్టెలకు వెచ్చించే సొమ్ములో కొంత తీసి, ఒక జానపద కళాకారుణ్ణి పిలిచి, ముందే మాట్లాడుకున్న పారితోషికాన్ని చేతిలో పెట్టి, కథ ముగిసేదాకా కూర్చుని వినడం ఏ కుటుంబానికైనా సాధ్యమే. పద్మశ్రీ ఇవ్వవలసిన పనిని దేశం చేసింది. పిలిచి, విని, నేర్చుకోవలసిన పని పాలమూరు, నల్గొండ ప్రజల చేతుల్లో ఉంది. ఈ ఏటి జాతర నుంచే ఆ పని మొదలుపెట్టాలి.